ఓదార్పు కూడా డ్యూటీయే

2023 జూన్‌లో లాన్సెట్ కుటుంబానికి చెందిన ఒక వైద్య పత్రిక మన దేశంలో షుగరు లెక్కలు అచ్చువేసింది. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే అది. 2008 నుంచి 2020 దాకా రాష్ట్రం వెంట రాష్ట్రం తిరిగి, 1,13,000 మందిని పరీక్షించి తేల్చిన లెక్క. అందులో గోవాది మొదటి స్థానం, 26.4 శాతం. వెన్నంటే పుదుచ్చేరి, 26.3. దేశ సగటు 11.4 మాత్రమే. పుదుచ్చేరిలో 20 ఏళ్లు నిండిన ప్రతి నలుగురిలో ఒకరికి షుగరు ఉందన్నమాట.

ఇలాంటి లెక్క బయటికి వచ్చినప్పుడల్లా తిండి గురించి, నడక గురించి, తెల్లన్నం గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. కానీ ఆ నలుగురిలో ఒకడు రేపు లేచి, ఎల్లుండి లేచి, ఇరవై ముప్ఫై ఏళ్లు రోజూ లేచి ఆ జబ్బుతో ఎలా నెట్టుకొస్తాడన్నది ఎవరికీ పట్టదు. వాడి భయం, విసుగు, సిగ్గు, ఇంట్లో వాళ్లతో రోజూ జరిగే తగువు ఏ పరీక్షలోనూ కనబడవు. ఆసుపత్రిలో ఆ మూట చివరికి విప్పేది నర్సు దగ్గరే. ఆమె డ్యూటీ లెక్కలో మాత్రం ఆ పనికి నిమిషం కూడా రాసిపెట్టి ఉండదు.

ఆసుపత్రులకైతే పుదుచ్చేరిలో లోటు లేదు. ఫ్రెంచివాళ్లు 1823లో పెట్టిన వైద్య పాఠశాల 1956లో కేంద్రం చేతికి వచ్చి ధన్వంతరి వైద్య కళాశాల అయింది, 1964లో నెహ్రూ పేరు పెట్టుకుని జిప్‌మర్ అయింది, 2008లో జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా హోదా పొందింది. గోరిమేడులో ఆ ఆవరణ ఊళ్లో మరో ఊరు. సముద్రం ఒడ్డుకు దగ్గర్లో ఇందిరాగాంధీ ప్రభుత్వాసుపత్రి. కాలాపేట, పిళ్ళయార్‌కుప్పం వైపు వెళ్తే ప్రైవేటు వైద్య కళాశాలలు. విల్లుపురం, కడలూరు జనమే కాదు, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లూ ఇక్కడికి వస్తారు. డాక్టరు దొరకడం, మందు దొరకడం ఇక్కడ కష్టం కాదు. నిమ్మళంగా వినే మనిషి దొరకడమే కష్టం.

షుగరు పుండ్లకు కట్లు కట్టే గదిని తీసుకోండి. పాత కట్టును ముందు సెలైన్‌తో తడపాలి, నానాక మెల్లగా ఊడదీయాలి. గబుక్కున లాగితే అప్పుడప్పుడే పుడుతున్న కొత్త చర్మం కూడా దూదికి అంటుకుని లేచివస్తుంది. చచ్చిన కండ ఎంత ఉంది, ఎర్రగా కొత్త కండ ఎంత పెరిగింది, వాసన వస్తోందా, చుట్టూ వేడిగా ఉందా అన్నీ చూడాలి. నరాలు చచ్చుబడిన పాదం కాబట్టి ఒక్కోసారి రోగికి నొప్పే తెలియదు. చెప్పులో దూరిన గులకరాయితో రోజంతా నడిచి, సాయంత్రం రక్తం చూసుకుని ఉలిక్కిపడేవాళ్లు ఉంటారు. ఇదంతా చేతిపని. పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది.

అసలు ఇబ్బంది దానికి ముందే మొదలవుతుంది. పెద్దవయసు మనిషి కాలు ముందుకు చాపడు. కూతురి ఈడు పిల్ల తన పాదం చేతిలోకి తీసుకోవడం మనవాళ్లకు మింగుడుపడని సంగతి. "వద్దు తల్లీ, నా కాళ్లు నువ్వు పట్టుకోవడమేంటి" అని వెనక్కి లాక్కుంటాడు. పనిలో పండిన నర్సు ఆ మాటకు నవ్వి ఊరుకోదు, వాదనకూ దిగదు. "మా నాన్న కాలైతే పట్టుకోనా? ఇటివ్వండి బాబాయ్" అంటుంది. కాలు ముందుకొస్తుంది. కాలితో పాటు మాటలూ వస్తాయి.

కట్టు పూర్తయ్యేలోపు బయటపడేవి కేసు షీటులో ఎక్కడా ఉండవు. నెలరోజులుగా ఇన్సులిన్ మానేశాడు, డబ్బుల్లేక కాదు, ఇన్సులిన్ అంటే ఆఖరి మెట్టని పక్కింటాయన చెప్పినందుకు. పెళ్లికి పోతే అందరి ముందూ సూది గుచ్చుకోలేక, తిండి మానలేక, రెండు రోజులు ఏమీ వేసుకోకుండా ఉన్నాడు. వాసన వస్తుందని మనవణ్ని దగ్గరికి రానీయడం లేదు. వేలు తీసేశారు, రేపు కాలు తీసేస్తారా అని రాత్రిళ్లు నిద్ర లేదు. ఇవి డాక్టరుకు చెప్పడు. డాక్టరు చుట్టూ అరడజను మంది విద్యార్థులు ఉంటారు, బయట వరసలో ఇంకా వందమంది ఉంటారు. పాదం పట్టుకున్న మనిషికి చెబుతాడు. పుండు ఎందుకు మానడం లేదన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఈ కబుర్లలోనే దొరుకుతుంది.

పాదం పట్టుకుని చేసే వైద్యం పుదుచ్చేరికి కొత్తేమీ కాదు. బోదకాలు ఈ తీరమంతా ఎరిగిన జబ్బు. దోమల ద్వారా వచ్చే రోగాల మీద పనిచేయడానికి ఐసీఎంఆర్ 1975లో ఈ ఊళ్లోనే ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. మందు పురుగును చంపుతుంది కానీ ముదిరిపోయిన కాలి వాపును తీసేయలేదు. రోజూ సబ్బుతో కడగాలి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి, కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. వినడానికి ఇంతే. కానీ లుంగీ కిందో చీర కుచ్చిళ్ల కిందో ఇరవై ఏళ్లుగా దాచుకున్న కాలిని మొదటిసారి ఇంకొకరి ముందు పెట్టి కడగడం ఇంతే కాదు. ఆ మొదటిరోజు ఎదురుగా కూర్చున్న నర్సు ముఖం చిట్లిస్తే రోగి మళ్లీ ఆ గడప తొక్కడు.

ఇదంతా మెత్తని మనసుల ముచ్చట అని కొట్టిపారేసేవాళ్ల కోసం కొన్ని లెక్కలు. షుగరు ఉన్నవాళ్లలో కుంగుబాటు, షుగరు లేనివాళ్లతో పోలిస్తే, దాదాపు రెట్టింపని 2001లోనే పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి చూసి చెప్పారు. అంతకు ముందే, 1995లో, అమెరికాలో షుగరు రోగుల మనోవేదనను కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక ఒకటి తయారైంది. అందులో షుగరు ఎంతుందని ఒక్క ప్రశ్నా లేదు. ఈ జబ్బుతో విసిగిపోయారా, తిండి తప్పినప్పుడు తప్పు చేసినట్టుంటుందా, ముందుముందు ఏమవుతుందోనని భయపడుతున్నారా, ఒంటరిగా అనిపిస్తోందా - ఇవీ ప్రశ్నలు.

తెలుగునేలకు దగ్గరి ఉదాహరణా ఉంది. షుగరూ కుంగుబాటూ రెండూ ఉన్న 404 మందిని తీసుకుని దేశంలో నాలుగు చోట్ల ఒక ప్రయోగం చేశారు. చెన్నై, బెంగళూరు, ఢిల్లీలతో పాటు విశాఖపట్నంలోని ఒక షుగరు క్లినిక్ కూడా అందులో ఉంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి అదనంగా ఒక సమన్వయకర్త. డాక్టరు కాదు, శిక్షణ ఇచ్చిన మనిషి అంతే. ఆ మనిషి రోగితో తరచూ మాట్లాడాలి, మనసెలా ఉందో అడగాలి, మందులు వాడుతున్నాడో లేదో చూడాలి, సంగతులు డాక్టర్లకు చేరవేయాలి. రెండేళ్ల తర్వాత చూస్తే ఆ రెండో సగంలోనే ఎక్కువమందికి మనసు తేలికపడింది, దాంతో పాటు షుగరో బీపీయో కొలెస్ట్రాలో దారికొచ్చింది. 2020లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామా దీన్ని అచ్చువేసింది. మాటకు మందు విలువ ఉందని తెల్లకోట్ల భాషలో రుజువు కావాలంటే ఇదిగో.

అయితే మాట అంటే ఏ మాటైనా కాదు. "ఏం కాదులెండి, ధైర్యంగా ఉండండి" అని వెన్నుతట్టి వెళ్లిపోవడాన్ని ఓదార్పు అనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన నర్సింగు పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఇలాంటి ఉత్తుత్తి ఆశలు చెప్పేవాళ్లను దులపడానికే కేటాయించింది. రోగి పరిస్థితి తెలియకుండా చెప్పే కులాసా కబుర్లు అతన్ని మరింత ఒంటరిని చేస్తాయన్నది ఆవిడ వాదన. ఆవిడ చేతిలోని దీపాన్ని గుర్తుపెట్టుకుని ఈ అధ్యాయాన్ని మరిచిపోయాం.

ఆ తేడా కేన్సరు వార్డులో బాగా తెలుస్తుంది. జిప్‌మర్‌లో ప్రాంతీయ కేన్సరు కేంద్రం ఉంది. ఇలాంటి ఏ వార్డుకు వెళ్లినా మన కుటుంబాల తీరు ఒక్కటే. కొడుకు డాక్టరు గది బయట నిలబడి, "అమ్మకు మాత్రం చెప్పకండి సార్" అంటాడు. ప్రేమతోనే అంటాడు. అమ్మకు సగం ముందే తెలుసు. కీమో వార్డులో మంచం ఎక్కిన మనిషికి పక్క మంచాలు చూస్తే అర్థం కాదా? ఆమె కొడుకును అడగదు, వాడు ఏడుస్తాడని. డాక్టరును అడగదు, భయం. రాత్రి పదకొండింటికి సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సు చెయ్యి పట్టుకుని అడుగుతుంది: "నాకేమైందమ్మా, నిజం చెప్పు."

జబ్బు పేరు చెప్పే అధికారం నర్సుకు లేదు. అబద్ధం చెబితే రేపటి నుంచి ఆ ముసలమ్మ ఎవరినీ నమ్మదు. ఆ క్షణంలో మంచి నర్సులు చేసేది ఒకటుంది. స్టూలు లాక్కుని కూర్చుని, "మీకేమనిపిస్తోందమ్మా?" అని తిరిగి అడుగుతారు. అప్పుడు ఆమె చెప్పుకుపోతుంది. చిన్నకూతురి పెళ్లి, బ్యాంకులో ఉన్న బంగారం, రాత్రి పూట ఎక్కువయ్యే నొప్పి. మర్నాడు ఆ నర్సు డాక్టరుతో అనాల్సిన మాట: ఆవిడకు తెలుసు, కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడండి, రాత్రి మందు సరిపోవడం లేదు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ ముందు నర్సు, తర్వాత సోషల్ వర్కరు, ఆ తర్వాతే డాక్టరు. నొప్పి ఒంటిలోనే ఉండదని, మనసులో, సంసారంలో, నమ్మకాల్లో కలిసి ఉంటుందని ఆమె చెప్పింది. మంచం పక్కన నర్సుగా గడిపిన కాలం లేకపోతే ఆ ఆలోచన అంత సూటిగా వచ్చేది కాదేమో.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక ముక్క గోదావరి ఒడ్డున, కాకినాడ దాపున ఉంది. యానాం. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. తెలుగు తినే, తెలుగు తాగే ఊరు. వాళ్ల రాజధాని మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో తమిళం మాట్లాడుతుంది. పెద్ద జబ్బు చేస్తే కాకినాడ, విశాఖలతో పాటు పుదుచ్చేరి కూడా వాళ్ల లెక్కలో ఉంటుంది. అక్కడ ప్రభుత్వం తమది, జిప్‌మర్ పేరు పెద్దది, ఖర్చు తక్కువ.

రాత్రంతా ప్రయాణం చేసి గోరిమేడులో దిగిన యానాం మనిషికి బోర్డులు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ కనబడతాయి. నర్సుల్లో తమిళులు, మలయాళీలు ఎక్కువ. వాళ్లు మంచివాళ్లు కారని కాదు. సైగలతో, వచ్చీరాని ముక్కలతో ఎంతో చేస్తారు. కాలు మొద్దుబారిందో మండుతోందో చెప్పడానికి ఆ నాలుగు ముక్కలు సరిపోతాయి. ఇంక బతకాలని లేదని చెప్పడానికి సరిపోవు. "ఆయ్, బాగానే ఉన్నానండి" అని తల ఊపేసి మంచం మీద అటు తిరిగి పడుకునే గోదావరి మనిషిని చూసి, ఆ ఊపుడు వెనక ఏముందో పసిగట్టాలంటే ఆ యాస తెలిసినవాళ్లు కావాలి. పుదుచ్చేరి ఆసుపత్రుల్లో తెలుగు నర్సులు లేకపోలేదు. ఎవరు ఏ వార్డులో ఉన్నారో, యానాం రోగి వస్తే ఎవరిని పిలవాలో తెలిపే ఏర్పాటు మాత్రం కావాలి. పక్క మంచం చుట్టాన్నో, వార్డు బాయ్‌నో దుబాసీగా నిలబెట్టి భార్యాభర్తల సంగతులు, మూత్రం సంగతులు అడిగితే ఎవరు నోరు విప్పుతారు?

ఇంతదాకా చదివిన నర్సు ఎవరైనా ఉంటే ఈపాటికి ఒళ్లు మండుతూ ఉంటుంది. "ఇవన్నీ మాకు తెలియవా? టైమేదీ?" నిజమే. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు. సెలవుల కోసం పైన మరో 30 శాతం. వినడానికి ఘనంగా ఉంది. దాన్ని మూడు షిఫ్టులకు పంచితే, ప్రమాణం తు.చ. తప్పకుండా పాటించిన చోట కూడా డ్యూటీలో ఉన్న నర్సు ముందు తొమ్మిది మంది ఉంటారు. సాధారణ ఆసుపత్రిలో పదిహేను మంది. ప్రమాణం పాటించని చోటు సంగతి చెప్పనక్కర్లేదు. మందులు, సెలైన్లు, ఇంజెక్షన్లు, టెంపరేచర్ చార్టు, మూత్రం లెక్క, రక్తం శాంపిళ్లు, కొత్త అడ్మిషన్లు, రిజిస్టర్లు. ఇంజెక్షను ఆలస్యమైతే అడుగుతారు. రోగి ఏడుస్తుంటే పక్కన కూర్చోలేదేమని ఎవరూ అడగరు. అడిగే పనే ముందు జరుగుతుంది, ఎక్కడైనా అంతే.

షిఫ్టు మారేటప్పుడు ఒకరు మరొకరికి అప్పజెప్పే రిపోర్టు చూస్తే సంగతి తెలిసిపోతుంది. మూడో మంచం, షుగరు ఇంత, బీపీ ఇంత, డ్రెస్సింగు అయింది, రాత్రి పది గంటలకు ఇన్సులిన్. ఆ మంచం మీది మనిషి పొద్దుట్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదన్న మాటకు అందులో గడి లేదు.

ఇందులో ఆడ పని, మగ పని అన్న లెక్క కూడా దాగి ఉంది. చిరునవ్వు, ఓపిక, సముదాయింపు ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణాలని, వాటికి వేరే కూలి ఏమిటని లోకం అనుకుంటుంది. అమెరికన్ సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద పుస్తకం రాసి, లోపల ఏమున్నా బయటికి ప్రసన్నంగా కనబడటం కూడా ఒళ్లు హూనం చేసే పనేనని చూపించారు. విమానం దిగితే ఆ ప్రయాణికుడు మళ్లీ కనబడడు. డయాలసిస్ రోగి మాత్రం వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఏళ్ల తరబడి అదే కుర్చీలో కూర్చుంటాడు. ఒకరోజు రాడు. ఆ కుర్చీ తుడిచి తర్వాతి మనిషిని కూర్చోబెట్టేదీ ఆ నర్సే. ఆమె మనసు సంగతి ఎవరు అడుగుతారు?

కరోనా తొలిరోజుల్లో, 2020 మార్చి 22న, ఆసుపత్రి సిబ్బంది కోసం దేశమంతా గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టింది. బాగానే ఉంది. జీతం దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు ముడుచుకుపోయాయి. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ అంకెకు దిగువన పనిచేస్తున్న నర్సులు మనకు తెలిసిన ఏ ఊళ్లోనైనా కనబడతారు. నెల తిరిగేసరికి అద్దె ఎలా కట్టాలో తెలియని అమ్మాయిని పట్టుకుని ఇంకొంచెం ఆప్యాయంగా ఉండమని శిక్షణ తరగతులు పెట్టడం ఎగతాళి.

కౌన్సెలర్లు ఉన్నారు కదా, నర్సుకెందుకు ఈ తలనొప్పి అనేవాళ్లూ ఉన్నారు. కౌన్సెలర్లు కావాలి, ఇంకా ఎక్కువమంది కావాలి. కానీ కౌన్సెలరు వేరే గదిలో ఉంటాడు, రోగి అక్కడికి నడిచి వెళ్లాలి. ఆ గది ముందు కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారోనని మనవాళ్ల భయం. నర్సు మంచం దగ్గరే ఉంటుంది. ఆమె మానసిక వైద్యురాలు కానక్కర్లేదు. ఎవరిని ఎప్పుడు పైకి పంపాలో తెలిస్తే చాలు. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది. డిశ్చార్జి చీటీ మీద ఆ అయిదు అంకెలు రాయడానికి అర నిమిషం చాలు.

దారి కోసం పుదుచ్చేరి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. దాని మరో ముక్క, మాహే, కేరళ నడుమ ఉంది. మాహే పొరుగున ఉన్న కోళికోడ్‌లో 1993లో కొందరు డాక్టర్లు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి నొప్పి నివారణ కేంద్రం పెట్టారు. అక్కడ పుట్టిన ఆలోచన ఊళ్లకు పాకింది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. ఇప్పుడు అక్కడ పంచాయతీ నర్సు ఇంటింటికీ వెళ్తుంది. మంచం పట్టిన మనిషికి పుండ్లు కడుగుతుంది, గొట్టం మారుస్తుంది, కూర్చుని మాట్లాడుతుంది. ఆ మాట్లాడటం ఆమె ఉద్యోగంలో భాగం, దయాధర్మం కాదు. తెలంగాణలోనూ ఆలన పేరుతో నర్సులు వాహనాల్లో ఇళ్లకు వెళ్లి కేన్సరు రోగులను, మంచాన పడ్డవాళ్లను చూస్తున్నారు. మనవాళ్ల చేత కాదని ఎవరూ అనలేరు.

పుదుచ్చేరి ప్రభుత్వం చేయగలిగినవి చిన్నవే. షుగరు, డయాలసిస్, కేన్సరు విభాగాల్లో నర్సులను కొన్ని నెలలకోసారి వేరే వార్డుకు మార్చే అలవాటు ఆపాలి. పుండు మానే లోపు ముగ్గురు నర్సులు మారితే రోగి మూడుసార్లు మొదటినుంచి చెప్పుకోడు, చెప్పడమే మానేస్తాడు. షిఫ్టు రిపోర్టులో మనసు సంగతికి ఒక గడి పెట్టాలి. కొత్తగా ఇన్సులిన్ మొదలైన వాళ్లకు, అంగం పోగొట్టుకున్న వాళ్లకు మొదటి నెలలో రెండుసార్లయినా ఫోను చేయడం ఒక నర్సు పూర్తిస్థాయి పనిగా ఉండాలి, ఖాళీ దొరికితే చేసే పనిగా కాదు. వార్డులో ఎవరైనా పోయిన రోజు నర్సులు పావుగంట కూర్చుని మాట్లాడుకునే వీలు ఉండాలి.

యానాం మాట మరీ సులువు. 2024లో అక్కడ జిప్‌మర్ కన్సల్టింగ్ యూనిట్ మొదలైంది కాబట్టి రోగి ప్రతిసారీ అంత దూరం పోనక్కర్లేని వీలు ఏర్పడుతోంది. పుదుచ్చేరిలో ఆపరేషనో కీమోనో అయి ఇంటికి చేరినవాళ్లను తెలుగులో పలకరించి, వాళ్లు చెప్పింది గోరిమేడు వార్డుకు చేరవేసే నర్సు ఒకరు అక్కడ కూర్చోవాలి. కాలేజీ సీట్ల కోసం పుదుచ్చేరి నడిపే సెంటాక్ కౌన్సెలింగులో యానాం విద్యార్థులకు ప్రాంతీయ కోటా ఉండనే ఉంది. ఆ కోటాలో పుదుచ్చేరికి వచ్చి చదువుకునే పిల్లలు తమిళమూ పట్టుకుంటారు, రెండు వైపులా మాట్లాడగలరు. నర్సింగు చదివిన అలాంటి పిల్లలను తీసుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పోస్టు ఒకటి మంజూరు చేసి, డిశ్చార్జి అయిన యానాం రోగుల జాబితా, ఒక ఫోనూ చేతికిస్తే వచ్చే నెల నుంచే పని మొదలవుతుంది.